మూడు ముక్కల పాస్‌వర్డు

ఆ రోజు పొద్దున్నే తాళాలరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి కంప్యూటరు ముందు కూర్చోవాలి. భార్య గీసిన కుర్చీ బొమ్మల ఫైలుని ఆసుపత్రివాళ్లకి భద్రంగా పంపాలి. ఆ తర్వాత భార్యని వీధి చివర పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. గంటలో అన్నీ తేలిపోతాయనుకున్నాడు. అయితే అనుకున్నవన్నీ అనుకున్నట్టు జరిగే ఇల్లు కాదది.

తాళాలరావు అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. కుర్చీలూ బల్లలూ చేసే ఆయన వర్క్‌షాపులో ఇద్దరు వడ్రంగులున్నారు. వాళ్లు చాటుగా పెట్టుకున్న పేరది. సాయంత్రం షాపు మూసి, తాళం వేసి, దాన్ని పట్టుకుని వేలాడినంత పని చేసి, వీధి మలుపు దాకా వెళ్లి, "తాళం వేశానా?" అని తనని తనే అడిగి, వెనక్కొచ్చి మళ్లీ లాగి చూసే మనిషికి ఇంతకంటే మంచి పేరు ఎవరు పెట్టగలరు? ఇంట్లో పద్ధతి ఇంకా గట్టిది. బీరువా తాళంచెవి తల్లి దగ్గర ఉంటుంది. బీరువాలోపలి సొరుగు తాళంచెవి భార్య దగ్గర. ఆ సొరుగులో ఉన్న చిన్న పెట్టె తాళంచెవి తన దగ్గర. దొంగ వస్తే ఇంటిల్లిపాదినీ నిద్రలేపితే తప్ప ఏమీ చెయ్యలేడని ఆయన ధీమా. ఆ పెట్టెలో ఏం పెట్టాడో మాత్రం ఆయనకే సరిగ్గా గుర్తులేదు.

పంపాల్సిన ఫైలు ఆషామాషీది కాదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్ల కోసం భార్య ఆలోచించిన కుర్చీ అది. లేవాలనుకున్నప్పుడు కుర్చీ చేతుల మీద కాస్త బరువు వేస్తే సీటే మెల్లగా పైకి లేచి మనిషిని నిలబెడుతుంది. కరెంటు అక్కర్లేదు. రోజూ కుర్చీలోంచి లేవడానికి అత్తగారు పడే అవస్థ చూసి చూసి ఆవిడ దాన్ని గీసింది, చెరిపింది, మళ్లీ గీసింది. ఇప్పుడొక పెద్ద ఆసుపత్రికి సరిగ్గా అలాంటి కుర్చీలే కావాలట. మధ్యాహ్నం వాళ్ల మీటింగు. అప్పటికి బొమ్మలు వాళ్ల ముందుండాలి. ఈ ఆర్డరు రాకపోతే వర్క్‌షాపు మూసేసి బావమరిది గోడౌనులో చేరడం తప్ప తాళాలరావుకి వేరే దారి లేదు. "రా బావా, నీకిష్టమైన తాళాలు వేసే పనే ఇస్తా" అని బావమరిది అప్పుడే నవ్వుతూ అన్నాడు కూడా.

కానీ ఆయన్ని లోలోపల తినేస్తున్న బెంగ అది కాదు. దీనికి ముందు భార్య ఒక మడత బల్ల తయారుచేసింది. తమ షాపులో అమ్మకానికి పెట్టకముందే అచ్చం అలాంటి బల్ల ఎదుటి షాపు అద్దాల వెనక ప్రత్యక్షమైంది. ఎలా వెళ్లిందో ఎవరికీ తెలియదు. ఆ బల్ల బొమ్మల్ని కలప కొలతల కోసమని, మేకుల కోసమని నలుగురికీ ఎడాపెడా పంపింది తనే కాబట్టి, తన అజాగ్రత్త వల్లే పోయిందని తాళాలరావు తేల్చుకున్నాడు. ఎదుటి షాపాయనతో మాట్లాడటం మానేశాడు. భార్య మాత్రం పల్లెత్తు మాట అనలేదు. పెన్సిలు తీసి డబ్బాలో పెట్టి, చాలాకాలం దాని జోలికి పోలేదు. నాలుగు తిట్టి ఉంటే ఆయనకి కాస్త నిద్రైనా పట్టేది. మళ్లీ ఆవిడ పెన్సిలు పట్టిన రోజున, ఈసారి ఒక్క గీత కూడా పరాయి కంట పడనివ్వకూడదని ఆయన గట్టిగా అనుకున్నాడు.

అందుకే ముందురోజే కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి దగ్గరికెళ్లి సలహా అడిగాడు. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఫైలుకి పాస్‌వర్డు పెట్టాలి. ఎవరు చూడాలో వాళ్ల ఈమెయిలు అడ్రసు ఒక్కటే ఇవ్వాలి, దారినపోయే ప్రతివాళ్లకీ తెరుచుకునేలా వదిలెయ్యకూడదు. ఫైలు వెళ్లిన దారిలోనే పాస్‌వర్డు పంపకూడదు, ఫోను చేసి నోటితో చెప్పాలి. పాస్‌వర్డు పొడుగ్గా ఉండాలి, ఒక్కరికే తెలిసి ఉండాలి. తాళాలరావు అన్నింటికీ తలూపాడు గానీ ఆఖరిది ఆయనకి నచ్చలేదు. ఒక్కరికే తెలిస్తే, ఆ ఒక్కరూ నోరు జారితే? బీరువా పద్ధతే మేలనిపించింది.

కాఫీలయ్యాక తల్లినీ భార్యనీ కంప్యూటరు ముందుకి పిలిచాడు. తలా ఒక ముక్క కొట్టాలన్నాడు. మొదటి ముక్క తనది. రెండోది తల్లిది. మూడోది భార్యది. ఒకరు కొడుతుంటే మిగతావాళ్లు గోడవైపు తిరగాలి. ఎవరి ముక్క వాళ్ల మనసులోనే ఉండాలి. ఎక్కడా రాయకూడదు, ఎవరికీ చెప్పకూడదు.

"నువ్వడిగితే?" అంది తల్లి.

"నేనడిగినా చెప్పొద్దమ్మా. నాకసలే నోరాగదు."

తల్లి ఒక్క వేలితో, ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటూ కొట్టింది. భార్య కుర్చీలో కూర్చుని, గోడవైపు తిరిగి నిలబడ్డ మొగుడి వీపుని కాసేపు చూసి, చకచకా కొట్టేసింది. ఫైలుకి తాళం పడింది. ప్రపంచంలో ఏ ఒక్కరూ దాన్ని తెరవలేరని తాళాలరావు మురిసిపోయాడు. ఆ ఏ ఒక్కరిలో తను కూడా ఉన్నాడన్న సంగతి అప్పటికి తట్టలేదు.

ఇక అడ్రసు. కళ్లద్దాలు బీరువాలో ఉన్నాయి. బీరువా తాళంచెవి కొంగున ముడేసుకున్న తల్లి స్నానానికి వెళ్లింది. ఫరవాలేదులే అనుకుని తాళాలరావు అడ్రసులో మొదటి అక్షరాలు రెండు కొట్టాడు. మిగతాది కంప్యూటరే పూర్తిచేసి ముందు పెట్టింది. యంత్రానికున్న తెలివికి ముచ్చటపడి నొక్కేశాడు. ఇదంతా అయ్యేసరికి భార్య చెప్పులేసుకుంటోంది. డాక్టరు పిలిచిన వేళ దాటిపోతోందని, తను వెళ్లి పన్ను పీకించుకుని వస్తానని, ఆయన్ని ఫైలు దగ్గరే కూర్చోమని చెప్పి వెళ్లిపోయింది.

కాసేపటికి ఫోనులో సందేశం వచ్చింది. తాళాలరావు ఫోనుని చెయ్యి చాచినంత దూరం పెట్టుకుని, కళ్లు చికిలించి కూడబలుక్కున్నాడు. ఫైలు వచ్చింది, పాస్‌వర్డు అడుగుతోంది, దయచేసి చెప్పగలరు. పైనున్న పేరు చీమల బారులా ఉంది గానీ దాన్ని చదవాల్సిన పనేముంది? ఆసుపత్రివాళ్లు కాకపోతే ఇంకెవరు? ఎంత మర్యాదగా రాశారో అనుకుని, పాస్‌వర్డు చెబుదామనుకుని ఆగాడు. ఆయనకి తెలిసింది మూడో వంతు.

పరుగున తల్లి గదిలోకి వెళ్లాడు. ఆవిడ మంచం మీద కూర్చుని తల తుడుచుకుంటోంది.

"అమ్మా, నీ ముక్క చెప్పు."

"చెప్పనురా."

"అడుగుతోంది నేనమ్మా!"

"నువ్వడిగినా చెప్పొద్దన్నావు. పొద్దున అన్న మాట అప్పుడే మర్చిపోతే ఎలా?"

తాళాలరావు బతిమాలాడు. ఆర్డరు పోతుందన్నాడు, గోడౌను గుర్తుచేశాడు. ఎవరైనా వెనకుండి బెదిరించి అడిగిస్తున్నారేమోనని తల్లి అనుమానం. తలుపు వెనక చూసి రమ్మంది. చూసొచ్చాడు. మంచం కింద కూడా చూడమంది. వంగి చూశాడు, నడుం పట్టేసింది. తన ముక్క చెబితే కోడలి ముక్క కూడా లాగేసి అంతా ఒక్కడే ఉంచుకుంటాడేమో, మరి పద్ధతి ఏం కావాలని అడిగింది. ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి కళ్లలో నీళ్లు తిరిగితే అప్పుడు నమ్మింది. అలా నీళ్లు తిప్పుకోవడం తన కొడుక్కి తప్ప ఎవరికీ రాదంది. చెవి దగ్గరికి తెమ్మని గుసగుసగా చెప్పింది.

"బూరెబుగ్గ."

"ఇంకేమీ దొరకలేదా అమ్మా?"

"చిన్నప్పుడు నిన్ను అలాగే పిలిచేదాన్ని. ఇప్పుడు పిలుస్తానంటే ఊరుకోవుగా. కనీసం అందులోనైనా ఉంటుందని పెట్టాను."

తాళాలరావుకి కోపం రావాల్సింది. రాలేదు. తల్లి తడి జుట్టు మీద ఒకసారి చెయ్యి వేసి, కళ్లద్దాల సంగతి మరిచిపోయి బయటపడ్డాడు.

నడుస్తూనే భార్యకి ఫోను చేశాడు. డాక్టరు దగ్గర పనిచేసే నర్సు ఎత్తింది. పన్ను తీశారట, దవడంతా మొద్దుబారి ఉందట, నోటినిండా దూది ఉందట, మాట్లాడటానికి వీల్లేదట. పోనీ రాసి పంపమనండి అన్నాడు. నర్సు అటు తిరిగి అడిగి, తల అడ్డంగా ఊపుతున్నారండీ అంది. మళ్లీ అడగమన్నాడు. మళ్లీ ఊపారండీ అంది. రాతలో పెట్టొద్దన్నది తనే కాబట్టి ఆయన అడుగులు పెద్దవి చేశాడు.

పళ్ల డాక్టరు ముందుగది కిటకిటలాడుతోంది. భార్య మూలకుర్చీలో ఒక బుగ్గ ఉబ్బించుకుని కూర్చుని ఉంది. తాళాలరావు ఆవిడ ముందు గొంతుక్కూర్చుని, నీ ముక్కేమిటని గుసగుసలాడాడు. ఆవిడ చేతులు తిప్పింది. ముందు ఆయనవైపు చూపించింది, తర్వాత కాదన్నట్టు వేలు ఊపింది. ఆయనకి బోధపడలేదు. పక్కనున్న పెద్దాయనకి ఏదో ఆట అనిపించినట్టుంది, "నువ్వు వద్దు అంటున్నారండీ" అని సాయం పట్టాడు. ఆ పక్కనున్న ఒక టీచరమ్మ, అది కాదు, మీరు రాలేదేమని అడుగుతున్నారంది. దవడకి కట్టు కట్టుకున్న ఒకావిడ, మాట్లాడలేకపోయినా, తనకి తోచింది చేతులతో అభినయించి చూపించింది. గదిలో సగంమంది పాస్‌వర్డు వెతుకుతున్నారు. ప్రపంచంలో ఏ ఒక్కరికీ తెలియకూడదనుకున్న మాట కోసం పరిచయం లేని జనం తలా ఒక చెయ్యి వేస్తుంటే తాళాలరావుకి చెమటలు పట్టాయి. తలెత్తి చూసేసరికి ఎదురుగా, చెంప వాచిపోయి, ఎదుటి షాపాయన కూర్చుని ఉన్నాడు.

భార్య ఇక లాభం లేదనుకుందేమో, ఆయన చెయ్యి లాక్కుని అరచేతిని విప్పింది. చూపుడువేలితో ఒక్కో అక్షరం రాయడం మొదలుపెట్టింది. తాళాలరావు రెండో చేతిని గొడుగులా అడ్డం పెట్టాడు. అరచేతిలో రాసింది ఎక్కడా మిగలదు కాబట్టి ఆయన పెట్టిన నియమం కూడా తప్పినట్టు కాదు. మొదట చక్కిలిగింతలే తెలిశాయి గానీ అక్షరాలు తెలియలేదు. ఇంకోసారి రాయమన్నాడు. ఆవిడ నెమ్మదిగా, చిన్నపిల్లవాడితో పలక మీద దిద్దించినట్టు మళ్లీ రాసింది. కళ్లద్దాలు లేకుండా ఆ రోజు ఆయన సరిగ్గా చదవగలిగిన మాట అదొక్కటే.

మీతప్పుకాదు.

తాళాలరావు ఆ చేతిని అలాగే పట్టుకుని ఉండిపోయాడు. ఎదుటి షాపు అద్దాల్లో ఆ బల్ల కనబడిన రోజునుంచీ ఈ మాట కోసమే తను ఎదురుచూస్తున్నాడని ఆయనకి అప్పుడు తెలిసింది. ఆవిడ మొహంలోకి చూశాడు. మొద్దుబారని వైపు నుంచి మాత్రం ఆవిడ చిన్నగా నవ్వింది. పెద్దాయన, టీచరమ్మ, అందరూ మర్యాదగా వేరేవైపు తిరిగారు.

ఆసుపత్రి, మీటింగు గుర్తొచ్చి గబుక్కున లేచాడు. ఫోనులో వచ్చిన సందేశానికే జవాబుగా పాస్‌వర్డంతా కొట్టాడు. పంపబోతూ ఆగాడు. ఫైలు వెళ్లిన దారిలో పాస్‌వర్డు పంపకూడదని ఆ అమ్మాయి చెప్పిన మాట చెవిలో మోగింది. కొట్టిందంతా చెరిపేసి, ఆసుపత్రిలో కొనుగోళ్లు చూసే మేడమ్‌కి ఫోను చేసి, పాస్‌వర్డు చెబుతాను రాసుకోకుండా వినండి అన్నాడు.

"పాస్‌వర్డు దేనికండీ? మీ ఫైలే రాలేదు. మీటింగుకి అందరూ వచ్చేస్తున్నారు."

"రాలేదేంటండీ? పాస్‌వర్డు చెప్పమని ఇందాక మీరేగా రాశారు?"

"నేనేమీ రాయలేదే."

తాళాలరావుకి అప్పుడు అర్థమైంది. తను ఫైలు ఎవరికో పంపాడు. భార్య గీసిన ప్రతి గీతా ఎవరి దగ్గరో ఉంది. మీ తప్పు కాదని ఆవిడ రాసి నిమిషం కాలేదు, అరచేతిలో ఆ గిలిగింత ఇంకా పోలేదు, అప్పుడే అంతకు పదింతల తప్పు చేసి ఆవిడ ముందే నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడు ఎదుటి షాపాయన, వాచిన చెంపని చేత్తో పట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఆ రాసింది నేనండీ. పొద్దున మీ దగ్గర్నుంచి ఏదో వచ్చింది. తెరిస్తే పాస్‌వర్డంటోంది. ఇన్నాళ్లకి మీరే పలకరించారు కదాని మర్యాదగా అడిగాను."

ఇద్దరి షాపుల మధ్య మురుగుకాలవ పూడుకుపోయినప్పుడు రాసుకున్న ఈమెయిళ్ల పుణ్యమా అని, అవే రెండక్షరాలతో మొదలయ్యే ఆయన అడ్రసు కంప్యూటరులో ఉండిపోయింది. ప్రపంచంలో ఏ మనిషి కంట పడకూడదని తాళాలరావు ఇన్ని తాళాలు వేశాడో, ఫైలు ఆ మనిషికే పంపాడు. అయితే ఫైలు తెరుచుకోలేదు. తల్లి మొండితనం, మొద్దుబారిన దవడ, మంచం కింద వంగి చూసిన నడుం, అన్నీ కలిసి దాన్ని కాపాడాయి.

"మీ అమ్మగారు మళ్లీ ఏదైనా పంపించమన్నారేమో అనుకున్నా" అన్నాడాయన.

"మా అమ్మా? మళ్లీ ఏంటి?"

"అదేనండీ, మడత బల్ల. మా అమ్మ మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేకపోతోందని మీ అమ్మగారే స్వయంగా పట్టుకొచ్చి ఇచ్చారు. బాగుంది బాబూ, నువ్వూ ఇలాంటివి చేసుకో అన్నారు. మీకు తెలిసే అనుకున్నాను. ఆ తర్వాత మీరెందుకో మాట్లాడటం మానేస్తే, నేనేం పాపం చేశానా అని ఇన్నాళ్లూ బాధపడుతున్నా."

తాళాలరావు నోరు వెళ్లబెట్టి భార్యవైపు చూశాడు. ఆవిడ కిటికీవైపు చూస్తోంది. అంటే ఆవిడకి ముందే తెలుసు. ఆలోచించడానికి వ్యవధి లేదు. ఎదుటి షాపాయన్ని ఆ ఫైలు నుంచి తీసెయ్యాలి, అసలువాళ్లకి పంపాలి, అక్షరాలేమో కనబడటం లేదు. ఎదుటి షాపాయన తన కళ్లద్దాలు తీసి ఇచ్చాడు. తాళాలరావు ఆయన కళ్లద్దాలే పెట్టుకుని, ఆయన పేరే తీసేసి, ఆసుపత్రి అడ్రసుని ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ కొట్టాడు. ఫైలు చేరిందని మేడమ్ అంది. పాస్‌వర్డు చెప్పడానికి ఆయన వీధిలోకి పరుగెత్తాడు.

"చెబుతున్నానండీ. తాళంవేశానా, బూరెబుగ్గ, మీతప్పుకాదు. మధ్యలో ఖాళీలు ఉండకూడదు."



"ఇది పాస్‌వర్డేనా అండీ?"

"మా ఇంటిల్లిపాదీ కలిసి పెట్టిందండీ."

"తెరుచుకుంది" అంది మేడమ్, ఈసారి గొంతులో నవ్వు దాచుకోకుండా.

సాయంత్రానికి కబురొచ్చింది. బొమ్మలు నచ్చాయట, కుర్చీ ఒకటి చేసి తీసుకొస్తే కూర్చుని చూస్తారట. అప్పటికి దవడ తిమ్మిరి వదిలి భార్యకి మాట వచ్చింది. ఇద్దరూ వర్క్‌షాపులో చెక్కలు ఎంచుతున్నప్పుడు తాళాలరావు అడిగాడు, తెలిసీ ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని.

"మీ తప్పు కాదంటే, మరెవరిదని అడుగుతారు కదా" అంది. "అత్తయ్య జాలిపడి ఇచ్చిందే గాని చెడు చెయ్యాలని కాదు. మీకు తెలిస్తే ఆవిడతో మాట్లాడటం మానేస్తారు. నాకు కోపం రాకపోలేదు. ఆవిడ మీద చూపించలేక పెన్సిలు మీద చూపించాను. మీరు మీ మీదకి తెచ్చుకుంటారని మాత్రం అనుకోలేదు."

తాళాలరావు చేతిలో చెక్క కింద పెట్టి, ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆవిడ అరచెయ్యి తీసుకుని వేలితో ఏదో రాశాడు. ఏం రాశాడో వాళ్లిద్దరికే తెలియాలి. ఆవిడ ఇంకోసారి రాయమంది.

ఇంటికెళ్లాక తల్లి దగ్గర కూర్చున్నాడు. బల్ల సంగతి ఎత్తలేదు, ఇక ఎత్తదలచుకోలేదు. ఎందుకైనా మంచిదని ఒక్కటి మాత్రం అడిగాడు.

"అమ్మా, నీ ముక్క ఇంకెవరికీ చెప్పలేదుగా?"

"నేనెందుకు చెబుతాను? ఎదుటి షాపువాళ్లమ్మకి తప్ప. అదీ, ఎవరికీ చెప్పకూడదని గట్టిగా చెప్పి మరీ చెప్పాను."

మర్నాటి నుంచి ఆ ఇంటి పాస్‌వర్డు రెండు ముక్కలే.